బెండు మునిగేదాకా

అందరికీ నమస్కారం.

నన్ను పరిచయం చేస్తూ "వీరు కంప్యూటర్‌లో చేపలు పట్టడం గురించి మాట్లాడతారు" అనగానే వెనక వరుసలో ఎవరో కిసుక్కున నవ్వారు. నవ్వండి, నాకు అలవాటే. ఒక రాత్రి నేను తెర ముందు కూర్చుని, నీళ్ల మీద తేలుతున్న ఎర్ర బెండు వైపు రెప్ప వాల్చకుండా చూస్తుంటే మా అమ్మాయి వచ్చి వెనక నిలబడింది. ఒక నిమిషం చూసింది. రెండు నిమిషాలు చూసింది. "నాన్నా, ఇది హ్యాంగ్ అయినట్టుంది, ఆపి మళ్లీ పెట్టు" అంది. "హ్యాంగ్ కాలేదమ్మా, ఆడుతున్నాను" అన్నాను. అప్పుడు ఆ పిల్ల చూసిన చూపు ఇంతవరకూ మరిచిపోలేదు.

మీలో చాలామంది ఆటలు తయారుచేయడం నేర్చుకుంటున్నారు కాబట్టి ఆ చూపునే తెచ్చి మీ ముందు పెడదామని వచ్చాను. ఆటగాడు ఖాళీగా కూర్చునే సమయం అంటే ఆటలు తయారుచేసేవాళ్లకు గుండెదడ. కాసేపు ఏమీ జరగకపోతే వాడు ఫోను తీస్తాడని భయం. చేపల వేటలో మాత్రం ఆ ఖాళీయే అసలు సరుకు. దాన్ని తీసేస్తే వేట ఉండదు, ఉంచితే ఆట ఉండదేమోనని అనుమానం. నలభై ఏళ్లకు పైబడిన చేపల ఆటల చరిత్రంతా నాకు ఈ ఒక్క పీటముడి చుట్టూ తిరిగినట్టు కనిపిస్తుంది.

ముందు అసలు వేట సంగతి. మా తాతయ్య కాలవ గట్టు మీద గాలం వేసేవారు. వెదురు కర్ర, దానికి తంగూసు, తంగూసుకు నెమలి ఈక కాడతో చేసిన బెండు, చివర కొక్కెం, కొక్కేనికి వానపాము. "ఎప్పుడు పడుతుంది తాతయ్యా?" అని పది నిమిషాలకోసారి అడిగేవాణ్ణి. "నువ్వు అడగడం మానేశాక" అనేవారు. ఆయన పట్టేది కూరకు. చేప ఎన్ని అంగుళాలుందన్న ధ్యాస ఆయనకు లేదు, ఇంట్లో ఎంతమందికి వస్తుందన్నదే లెక్క.

నేనిప్పుడు చెప్పబోయే ఆటల్లోది ఈ వేట కాదు. అది అమెరికాలో పెరిగిన పోటీ వేట. అలబామాకు చెందిన రే స్కాట్ అనే బీమా ఏజెంటు 1967లో ఆర్కన్సా రాష్ట్రంలోని బీవర్ లేక్ మీద బాస్ చేపల పోటీ పెట్టాడు. మరుసటి ఏడాది బాస్ వేటగాళ్లకు ఒక సంఘమే కట్టాడు. 1972లో ఆయన ఇంకో మాట మొదలుపెట్టాడు: పట్టిన చేపను చంపవద్దు, తూకం వేసి తిరిగి నీళ్లలో వదలండి అని. దానికోసం పడవలోనే నీటి తొట్టి, తొట్టిలోకి గాలి పంపే పంపు వచ్చాయి. మా తాతయ్యకు ఈ సంగతి చెప్పి ఉంటే నన్ను డాక్టరుకు చూపించేవారు. పొద్దున్నుంచి ఎండలో మాడి, పట్టిన చేపను ముద్దుపెట్టి వదిలేయడమా!

కానీ ఒకసారి ఆలోచించండి. చేపను వదిలేశాక వేటగాడి చేతిలో మిగిలేది ఏమిటి? ఒక అంకె. ఇన్ని పౌండ్లు, ఇన్ని ఔన్సులు. అంకె ఒక్కటే మిగిలే వేట కంప్యూటర్‌లోకి ఎంత సులువుగా వస్తుందో మీకు నేను చెప్పనక్కర్లేదు. కూర వాసన తెరలో రాదు గాని, తూకం వస్తుంది.

చేపల ఆటల్లో ఎటు చూసినా బాస్ చేపే కనిపించడానికి ఇంకో కారణం కూడా ఉంది. ముఖ్యంగా లార్జ్‌మౌత్ బాస్. పేరుకు తగ్గట్టే దాని నోరు పెద్దది. మునిగిన దుంగల చాటునో, నాచు పక్కనో పొంచి ఉండి, ముందు నుంచి కదిలిపోయే దేన్నైనా ఒక్క ఉదుటున మింగుతుంది. కాబట్టి దానికి వానపాము గుచ్చి కూర్చోవాల్సిన పని లేదు. చెక్కతోనో రబ్బరుతోనో చేసిన బొమ్మ ఎర, వాళ్లు లూర్ అంటారు, దాన్ని విసిరి, బతికున్న చిన్న చేపలా నీళ్లలో కదిలిస్తూ లాక్కోవాలి. అంటే చేతికి పని దొరికింది. చేతికి పని ఉంటే మీటలకు పని ఉంటుంది. బాస్ పుట్టుకతోనే వీడియో గేమ్ చేప అని నేను సరదాగా అంటుంటాను.

ఇక ఆటలకు వద్దాం. 1980లో యాక్టివిజన్ సంస్థ నుంచి ఫిషింగ్ డెర్బీ వచ్చింది. ఇంట్లో టీవీకి తగిలించి ఆడుకునే అటారీ 2600 యంత్రం కోసం డేవిడ్ క్రేన్ రాశాడు. ఆ యంత్రంలో ఉన్న తాత్కాలిక జ్ఞాపకశక్తి మొత్తం 128 బైట్లు. ఇప్పుడు మీరు స్నేహితుడికి పంపే ఒక సందేశం అంతకంటే ఎక్కువ చోటు తింటుంది. తెరకు ఆ పక్కొకరు, ఈ పక్కొకరు రేవు మీద కూర్చుని గాలాలు వేస్తారు. లోతుకు పోయేకొద్దీ చేప బరువు పెరుగుతుంది. ముందుగా 99 పౌండ్లు పట్టినవాడు గెలిచినట్టు. ఎర చేప నోటి దగ్గరికి వెళ్తే చాలు, పట్టేస్తుంది. ఎదురుచూపు అన్నది లేదు. దాని బదులు క్రేన్ నీటి పైభాగంలో ఒక సొరచేపను వదిలాడు. మీరు లాగుతున్న చేపను అది దారిలో లాక్కుపోతుంది. చేపను తగిలించడం సులువు, ఇంటికి తెచ్చుకోవడమే కష్టం. 128 బైట్లలో వేటగాడి సగం బాధ పట్టేశాడు మహానుభావుడు.

ఆ తర్వాత జపాన్‌లో హాట్-బి సంస్థ బ్లాక్ బాస్ ఆటలు చేసింది, ఇంకా ఎన్నో వచ్చాయి. వాటి దగ్గర ఆగను. 1997 దగ్గర ఆగాలి. ఆ ఏడాది సెగా సంస్థ గెట్ బాస్ అనే ఆటను ఆర్కేడ్లలోకి వదిలింది. 1999లో అదే డ్రీమ్‌కాస్ట్ యంత్రానికి ఇంటి ఆటగా వచ్చింది. సెగా బాస్ ఫిషింగ్ పేరుతో చాలామందికి తెలిసింది అదే. తర్వాత కంప్యూటర్లకు, ఇతర యంత్రాలకు కూడా వెళ్లింది.

ఆర్కేడ్ అంటే నాణెం వేసి ఆడే చోటు. గడియారం పరుగెడుతుంటుంది. అక్కడ ఎదురుచూపుకు చోటెక్కడ? సెగా వాళ్లు ఏం చేశారో చూడండి. ఆటగాడు గాలం విసరగానే అతన్ని ఒడ్డు మీద వదిలేసి కెమెరాను నీళ్లలోకి దించారు. ఎర వెనకాలే మన కళ్లు వెళ్తాయి. అదిగో దుంగ పక్క నుంచి ఒక బాస్ తల తిప్పింది. వెంట వస్తోంది. దగ్గరికి వచ్చింది. ఆగింది. ఇప్పుడు ఎరను కొంచెం ఎగరేస్తే? ఆపేస్తే? ఒడ్డున కూర్చున్నవాడు ఊహించుకోవాల్సినదంతా ఇక్కడ కళ్లకు కనిపిస్తుంది. గంటసేపటి ఎదురుచూపును తీసుకుని నాలుగు సెకన్ల ఉత్కంఠగా పిండేశారు. నిజమైన వేటగాళ్లు దీన్ని మోసం అన్నారు. నాకైతే ఇది గొప్ప అనువాదంలా అనిపిస్తుంది. మూలంలోని మాట ఒక్కటీ లేదు, భావం మాత్రం వచ్చింది.

దీనికి గాలపు కర్ర పిడిలా ఉండే కంట్రోలర్ కూడా అమ్మారు. పక్కన తిప్పే రీలు, లోపల కదలికను పసిగట్టే పరికరం. చేప తగిలితే చేతిలో గజగజ వణుకుతుంది. చెయ్యి ఊపితే తెర మీద కదలిక వచ్చే ఈ పద్ధతి నింటెండో సంస్థ ఆట యంత్రం 'వీ' వచ్చి ప్రపంచమంతా గొప్పగా చెప్పుకోవడానికి ఏడేళ్ల ముందు సంగతి. ఆ గాలపు పిడితో కొందరు కత్తి యుద్ధాల ఆట సోల్ క్యాలిబర్ కూడా ఆడేవారు. పిడి ఊపితే కత్తి తిరిగేది. మనుషుల బుర్రలు ఎటు పోతాయో ఎవరు చెప్పగలరు! (నవ్వులు)

ఇక్కడ జపాన్ గురించి ఒక పిట్టకథ చెప్పి ముందుకు వెళ్తాను. బాస్ జపాన్ చేప కాదు. 1925లో అకాబోషి తెత్సుమా అనే వ్యాపారవేత్త అమెరికా నుంచి తెచ్చి అషి సరస్సులో వదిలాడు. అక్కడి నుంచి దేశమంతా పాకి స్థానిక చేపలను తినేసింది. దాని స్నేహితుడు, బ్లూగిల్ అనే చిన్న చేప, 1960లో వచ్చింది. అప్పటి యువరాజు అకిహితోకు షికాగో మేయరు ఇచ్చిన కానుక అది. తర్వాతి కాలంలో, చక్రవర్తి అయ్యాక, ఆ చేప చేసిన నష్టం చూసి ఆయన బహిరంగంగా బాధపడ్డారు.

ఇక బాస్ ప్రపంచ రికార్డు. 1932లో అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో జార్జ్ పెర్రీ అనే ఇరవై ఏళ్ల రైతు 22 పౌండ్ల 4 ఔన్సుల చేపను పట్టాడు. మన లెక్కలో 10 కిలోల పైచిలుకు. ఆర్థిక మాంద్యం రోజులు. తూకం వేయించాడు, ఇంటికి తీసుకెళ్లాడు, ఇంటిల్లిపాదీ వండుకు తిన్నారు. మా తాతయ్య మెచ్చుకునే రికార్డు అది! డెబ్బై ఏడేళ్లు దాన్ని ఎవరూ ముట్టుకోలేకపోయారు. 2009లో జపాన్‌లోని బివా సరస్సులో కురితా మనాబు అనే వేటగాడికి అంతకంటే ఒక ఔన్సు లోపు ఎక్కువ బరువున్న బాస్ దొరికింది. ఎర ఏమిటనుకున్నారు? బతికున్న బ్లూగిల్. యువరాజుకు వచ్చిన కానుక సంతతి. రికార్డులు చూసే అంతర్జాతీయ సంఘం ఆయన్ని అబద్ధాలు పట్టే యంత్రం ముందు కూడా కూర్చోబెట్టింది. పాత రికార్డు పోవాలంటే కనీసం 2 ఔన్సులు ఎక్కువ ఉండాలన్నది వాళ్ల నియమం. కాబట్టి ఇద్దరూ సమానం అని తేల్చారు.

ఈ కథ ఎందుకు చెప్పానంటే, బివా సరస్సు ఉన్న షిగా ప్రాంతంలో పట్టిన బాస్‌ను తిరిగి నీళ్లలో వదలడం 2003 నుంచి నిషేధం. అమెరికాలో వదలడం మర్యాద, అక్కడ వదలడం తప్పు. చేప అదే. మన ఆటల్లో చాలా మాత్రం అమెరికా మర్యాదనే లోకధర్మంగా పెట్టుకున్నాయి. చేపను వదిలితే చాలు, పుణ్యం వచ్చినట్టు సంగీతం మోగుతుంది. మీరెప్పుడైనా చేపల ఆట చేస్తే ఆ సంగీతం పెట్టేముందు ఆ నీళ్లు ఎక్కడివో చూసుకోండి.

సరే, నన్ను రాత్రులు కూర్చోబెట్టిన ఆట గురించి. ఫిషింగ్ ప్లానెట్. ఉక్రెయిన్ వాళ్లు చేసింది. 2015లో కంప్యూటర్లకు స్టీమ్ అనే ఆన్‌లైన్ ఆటల దుకాణం ద్వారా వచ్చింది, 2017లో ప్లేస్టేషన్ 4కు, తర్వాత ఇతర ఆట యంత్రాలకు వెళ్లింది. సెగా వాళ్లు పిండేసిన ఎదురుచూపులో వీళ్లు మళ్లీ నీళ్లు పోశారు. కెమెరా మనిషి కళ్ల ఎత్తులోనే ఉంటుంది. ఒడ్డు, గడ్డి, నీటి మీద వెలుగు, బెండు. అంతే. లోపల ఏం జరుగుతోందో బెండు చెప్పాలి, చేతికి తెలియాలి.

మొదట దిగేది టెక్సస్‌లోని లోన్ స్టార్ లేక్ అనే చోట. లైసెన్సు కావాలి. ఏ చేపను ఉంచుకోవచ్చో, ఏ సైజును వదిలేయాలో దాంట్లో రాసి ఉంటుంది. కాదని ఉంచుకుంటే జరిమానా. నాకు మొదట తగిలింది బ్లూగిల్, అరచేతి చేప. తగలడానికి ముందు ఒక చిన్న సంగతి జరిగింది. గాలం వేశాను, బెండు నిలబడలేదు. నీటి మీద అడ్డంగా పడుకుంది. ఆటలో ఏదో పొరపాటు అనుకుని, తీసి మళ్లీ వేశాను. మళ్లీ పడుకుంది. అప్పుడు వెలిగింది. బెండుకూ కొక్కేనికీ మధ్య దారం పొడవు అక్కడి నీటి లోతు కంటే ఎక్కువైంది. కొక్కెం అడుగున ఆనుకుంటే బెండును కిందికి లాగే బరువు ఉండదు, పడుకుంటుంది. మా తాతయ్య ఈ పనే కావాలని చేసేవారు. కొత్త చోటికి వెళ్తే ముందు ఎర లేకుండా గాలం వేసి, బెండు పడుకుంటే దాన్ని జానెడు కొక్కెం వైపు కిందికి జరిపి, మళ్లీ వేసి చూసేవారు. అది కాలవ లోతు కొలిచే కొలబద్ద అని నాకు అప్పుడు తెలియదు. అనుకరించడం అంటే ఇది అనిపించింది. నీటి మెరుపు, ఆకుల నీడ ఎవరైనా గీస్తారు. బెండు పడుకోవడం గాలం వేసినవాడికే తోస్తుంది.

దారం పొడవు తగ్గించాను. బెండు నిలబడింది. నిలబడే ఉంది. సరిగ్గా ఆ సమయంలోనే మా అమ్మాయి గదిలోకి వచ్చింది.

రెండో సంగతి బాస్ తగిలినప్పటిది. ఇది కొంచెం వివరంగా చెబుతాను, ఎందుకంటే చేపల ఆట మంచిదా కాదా అన్నది ఇక్కడే తేలుతుంది. మన వెదురు కర్రకు రీలు ఉండదు. చేప బలమైనదైతే దారం తెగుతుంది, లేదా మనమే కర్రతో పాటు నీళ్లలోకి దిగుతాం. రీలులో డ్రాగ్ అని ఒక బిగింపు ఉంటుంది. చేప ఒక హద్దు దాటి లాగితే రీలు జారి దారాన్ని వదులుతుంది. దాన్ని దారం మోయగల బరువులో మూడో వంతుకో నాలుగో వంతుకో బిగించుకోవడం వేటగాళ్ల అలవాటు. ముడి దగ్గర దారం బలం తగ్గుతుంది, చేప ఒక్కసారి విదిలిస్తే బరువు అమాంతం పెరుగుతుంది. ఆ రెంటికీ చోటు ఉంచాలి కదా. కర్ర వంగేదీ అందుకే. అది స్ప్రింగులా ఆ కుదుపును మింగుతుంది.

ఫిషింగ్ ప్లానెట్ తెర పక్కన కర్రకూ, రీలుకూ, దారానికీ ఎంత బరువు పడుతోందో విడివిడిగా చూపిస్తుంది. నాకు తగిలిన బాస్ మొదట లోతుకు దిగింది, ఆ తర్వాత నాచు వైపు తిరిగింది. నేను కంగారులో డ్రాగ్ బిగించి రీలు తిప్పుతూనే ఉన్నాను. దారం గుర్తు పసుపు, నారింజ, ఎరుపు. బాస్ నీటి పైకి ఎగిరి తల విదిలించింది. ఠప్. తెర మీద దారం ఖాళీగా ఊగుతోంది. కర్ర నిటారుగా నిలబడిపోయింది. లూర్ పోయింది, దానికి పెట్టిన డబ్బు పోయింది, చేప పోయింది. చేప పరుగెత్తేటప్పుడు రీలు వదిలేయాలి, అలసినప్పుడు కర్ర ఎత్తి, దించుతూ ఆ దించేటప్పుడు తిప్పుకోవాలి. ఈ ఒక్క వాక్యం నా చేతులకు ఎక్కడానికి మూడు వారాలు పట్టింది.

ఇంతవరకు పొగిడాను కాబట్టి ఇప్పుడు తిట్టే హక్కు వచ్చింది. ఈ ఆట ఉచితం. ఉచితం అంటే ఎక్కడో ఒకచోట కిటికీలోంచి చెయ్యి లోపలికి వస్తుంది. ఆటలో రెండు రకాల డబ్బు ఉంది. చేపలు పట్టి సంపాదించేది ఒకటి, అసలు డబ్బుతో కొనుక్కునే బైట్‌కాయిన్లు ఇంకొకటి. కొత్త సరస్సుకు వెళ్లాలంటే ప్రయాణ ఖర్చు, ఉండే రోజులకు ఖర్చు, లైసెన్సు, తెగిన దారం. చేతిలో డబ్బు లేనివాడు అదే చెరువులో అవే బ్లూగిల్స్ పడుతూ కూర్చోవాలి. చేప కోసం ఎదురుచూడటం వేరు, సరుకు కొనడానికి డబ్బు కూడేదాకా ఎదురుచూడటం వేరు. మొదటిదాంట్లో ఏ క్షణమైనా ఏదైనా జరగవచ్చు. రెండోదాంట్లో ఏమి జరుగుతుందో ముందే తెలుసు, ఎప్పుడన్నదే మిగిలింది. మొదటిది వేట, రెండోది వాయిదాల చెల్లింపు. ఆ చిరాకు చాలామందికి ఉన్నట్టుంది. 2019లో ఇదే ఆటను ముందే మొత్తం ధర తీసుకుని, లోపల కొనుగోళ్లు లేకుండా, ది ఫిషర్‌మన్ అనే పేరుతో విడిగా అమ్మారు.

రైళ్లు నడిపే ఆటలతో పేరు తెచ్చుకున్న బ్రిటన్ సంస్థ డవ్‌టెయిల్ కూడా 2018లో ఫిషింగ్ సిమ్ వరల్డ్ అనే చేపల ఆట చేసింది. రైలు నడపడం, గాలం వేయడం ఒకే గూటి పక్షులని నాకు చాలాకాలంగా అనుమానం. రెండింటిలోనూ చెయ్యి తక్కువ, చూపు ఎక్కువ.

ప్రశ్నలకు సమయం ఉందన్నారు. అడగండి.

(సభలో నుంచి ఒక విద్యార్థిని: "పులసతో ఆట ఎందుకు రాలేదు సార్?")

పులసను గాలంతో పట్టరు కదమ్మా. గోదావరికి వరద వచ్చే రోజుల్లో వలతో పడతారు. వల వేయడం వేరే ఆట, దానికి వేరే లెక్కలు కావాలి. గాలం ఆటకు మన చేప ఏదని అడిగితే నేను కొర్రమీను అంటాను. తెలంగాణ రాష్ట్ర చేప కూడా అదే. అది బాస్ లాగే పొంచి ఉండి మింగుతుంది, నాచులోనే ఉంటుంది, కప్ప కనిపిస్తే ఆగదు. ఇంకో విశేషం ఉంది. అది నీళ్లలో ఊపిరి పీల్చుకుని సరిపెట్టుకోలేదు, పైకి వచ్చి గాలి మింగి పోతుంది. కాబట్టి ఎదురుచూసేవాడికి ఒక ఆధారం దొరుకుతుంది. అక్కడ నీళ్లు కదిలాయంటే కింద చేప ఉన్నట్టే. ఈత వచ్చిన పిల్లల గుంపు ఎర్రగా నీటి మీద తిరుగుతుంటే తల్లీతండ్రీ కిందే కాపలా ఉంటాయి. అప్పుడు ఎర వేస్తే కోపంతో పట్టేస్తాయి. ఆ తల్లిని పట్టుకుపోతే పిల్లలన్నీ తెల్లారేసరికి ఎవరికో మేత. మీరు చేసే ఆటలో ఆ చేపను వదిలే మీట ఉండాలి, వదలకపోతే మరుసటి ఏడు ఆ చెరువులో చేపలు తగ్గాలి. అమెరికా వాళ్లను అడగకుండానే ఆ నియమం రాసుకోవచ్చు.

("పైకి ఎంతసేపటికోసారి వస్తుంది సార్? ఆటలో ఆ సమయం ఎంత పెట్టాలి?")

నీటి వేడిని బట్టి, చేపను బట్టి మారుతుంది. మా తాతయ్య దగ్గర గడియారం లేదు. నీళ్లు కదిలిన చోటు గుర్తుపెట్టుకుని, వేళ్ల కణుపుల మీద లెక్కపెట్టేవారు. మళ్లీ పైకి వస్తే ఎన్ని కణుపులైందో అదే ఆ చేప లెక్క, ఆ పూటకు. కప్పను దానికి రెండు కణుపుల ముందు వేయాలి. లెక్కపెట్టే పని నాకు అప్పగించేవారు. నేను మధ్యలో కొంగ వైపు చూసి లెక్క తప్పితే, మాట్లాడకుండా నా బొటనవేలును తీసి మళ్లీ మొదటి కణుపు మీద పెట్టేవారు.